చిన్న క్లినిక్, దాని వెబ్‌సైట్: వికలాంగులకు అడ్డంకులు లేకుండా చేయాలంటే ఏది ముందు?

ముందు_గది:
నాలుగు కన్సల్టేషన్ గదులున్న క్లినిక్. నేల అంతస్తే గానీ బయటి మట్టానికీ గుమ్మానికీ 45 సెం.మీ. తేడా, మూడు మెట్లు. ముందు జాగా గోడ వెంట 6.5 మీటర్లు, గోడ నుంచి ముందుకు 3.2 మీటర్లు. తలుపు ఆ జాగాకి ఓ చివర ఉంది, తలుపు చట్రం లోపలి కొలత 85 సెం.మీ. మరమ్మతు ఎలాగూ పెట్టుకున్నాం, వెబ్‌సైట్ కూడా కొత్తగా కట్టిస్తున్నాం. కాంట్రాక్టరు "రాంపు పోసేస్తే పనైపోతుంది" అంటున్నాడు. సైట్ చేసేవాళ్లు "యాక్సెసిబిలిటీ విడ్జెట్ తగిలిస్తాం, చాలు" అంటున్నారు. రెండిటి మీదా నమ్మకం కుదరట్లేదు. కొలతలతో సహా చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

కొలతల_టేపు:
రాంపుతో మొదలెడదాం. వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే 45 సెం.మీ. ఎత్తుకి 5.4 మీటర్ల వాలు, దానికి పైనా కిందా 1.5 మీటర్ల చదును. తిన్నగా వేస్తే 8.4 మీటర్లు కావాలి. మీకున్నది 6.5. కాబట్టి గోడకి సమాంతరంగా వెళ్లి వెనక్కి తిరిగే రెండు వరసల రాంపు వేయాలి.

లెక్క ఇదీ: ఒక్కో వరస 2.7 మీటర్లు, ఒక్కోటీ 22.5 సెం.మీ. ఎక్కుతుంది. మలుపు దగ్గర 1.5 మీటర్ల చదును. తలుపు ముందు 1.5 × 1.5 మీటర్ల చదును. పొడవు మొత్తం 5.7 మీటర్లు. ముందుకి: గోడ పక్క చదును 1.5, బయటి వరస 1.2, అంచు కట్టలకీ రెయిలింగులకీ 0.3, మొత్తం 3 మీటర్లు. సరిపోతుంది. తలుపు వైపు చివర ఇంకా 80 సెం.మీ. మిగులుతుంది, అందులో మెట్లు పట్టేస్తాయి. మెట్లు తీసేయకండి. మోకాళ్ల నొప్పులవాళ్లకీ చేతికర్ర పట్టుకునేవాళ్లకీ చాలామందికి వాలు కంటే మెట్టే నయం.

సాధారణంగా చెడేది ఎక్కడంటే, కాంక్రీటు పోసేటప్పుడు లెక్క సరిగానే ఉంటుంది. తర్వాత పై చదునుకి టైల్స్ పరుస్తారు, 2 సెం.మీ. పెరుగుతుంది. 45 కాస్తా 47 అవుతుంది, వాలు 1:11.5కి వెళ్లిపోతుంది. ఎత్తు ఎప్పుడూ పూర్తయిన నేల నుంచి పూర్తయిన నేలకి కొలవాలి. పని అయ్యాక ఒప్పుకునే ముందు 60 సెం.మీ. రసమట్టం వాలు మీద పెట్టి, కిందవైపు చివర కింద సరిగ్గా 5 సెం.మీ. దిమ్మ పెట్టండి. బుడగ మధ్యలో నిలిచినా, ఆ చివరే పైకి లేచినట్టు చూపినా పాస్. మట్టం కుదరడానికి ఆ చివరని ఇంకా లేపాల్సి వస్తోందంటే వాలు ఎక్కువైనట్టే. నాలుగైదు చోట్ల చూడండి. మేస్త్రీలు మొదట్లో నిటారుగా పోసి చివర్లో సర్దేస్తుంటారు.

మిగతావి: రెండు పక్కలా రెయిలింగు, ఎత్తు 86 నుంచి 96 సెం.మీ., పైనా కిందా వాలు దాటి 30 సెం.మీ. పొడిగింపు. గొట్టం 32 నుంచి 50 మి.మీ. మందం, గోడకి 4 సెం.మీ. ఎడం. అంచు పొడవునా 10 సెం.మీ. కట్ట, లేకపోతే ముందు చక్రం పక్కకి జారిపోతుంది. అడ్డవాలు 2 శాతం దాటకూడదు. పాలిష్ గ్రానైట్ వద్దేవద్దు, తడిస్తే జారుడు బల్లే. కాంక్రీటు మీద చీపురు గీతలు చాలు, గీతలు నడకకి అడ్డంగా రావాలి.

ఈ కొలతలు ఎక్కువగా అమెరికా ఏడీఏ (వికలాంగుల చట్టం) ప్రమాణాలకి దగ్గర. స్థానిక నిబంధన ఇంతకంటే గట్టిగా ఉంటే అదే పాటించండి.

ముందు_గది:
చాలా థాంక్స్ అండీ. ఇంత జాగా తినేసే బదులు తీసి పెట్టుకునే రాంపు, ఓ కాలింగ్ బెల్ పెడితే చాలదా అని కాంట్రాక్టరు మళ్లీ అడుగుతున్నాడు.

కొలతల_టేపు:
45 సెం.మీ.కి తీసిపెట్టే రాంపు అంటే 5 మీటర్ల పైన పొడవు, ఎవరు మోస్తారు? ఆచరణలో 2 మీటర్ల పలక తెచ్చి వేస్తారు. అది 1:5 కంటే నిటారు, కుర్చీ వెనక్కి బోల్తా పడుతుంది. ఒక్క గడప ఉన్నచోట అది పనికొస్తుంది, ఇక్కడ కాదు. బెల్లు విషయానికొస్తే, అది చాలాచోట్ల మెట్లు ఎక్కాక గోడకి ఉంటుంది. నవ్వొస్తుంది గానీ నిజం.

తలుపు_బందు:
తలుపు గురించి కొలతల_టేపు గారు చెప్పలేదు, నేను కలుపుతా. చట్రం 85 ఉన్నా దారి 85 రాదు. రెక్క 90 డిగ్రీలు తెరిచినా దాని మందం దారిలోనే ఉంటుంది. ఒక 4 సెం.మీ. రెక్క, ఆపుడు పట్టీ పోతే 79, 80 మిగులుతుంది. ఏడీఏ కనీసం 81.5 అంటుంది, నా మటుకు 90 ఉంటేనే మోటారు కుర్చీకి గోడలు గీసుకుపోవు. తక్కువ ఖర్చు దారి: ఆఫ్‌సెట్ బందులు. రెక్క పూర్తిగా దారి బయటికి వెళ్లిపోతుంది, దాని మందమంతా తిరిగొస్తుంది. లోపలి గదుల తలుపులకి ఇదే చేయండి, చట్రాలు పగలగొట్టక్కర్లేదు. బయటి తలుపు మాత్రం ఎలాగూ కొత్తది కాబట్టి వెడల్పుదే పెట్టించండి, లోపలికి తెరుచుకునేదో పక్కకి జరిగేదో. పై చదును మీదికి తెరుచుకుంటే కుర్చీ వాలు మీదికి వెనక్కి వెళ్లాలి.

ఇంకో రెండు. తలుపుని తమవైపు లాగే పక్కన, గొళ్లెం వైపు 45 సెం.మీ. ఖాళీ గోడ ఉండాలి, లేకపోతే కుర్చీలో ఉన్న మనిషి పిడిని అందుకునేలోపు రెక్క పాదాలకి తగులుతుంది. సరిగ్గా ఆ మూలలోనే చెప్పుల స్టాండో పూలకుండీయో వస్తుంది. డోర్ క్లోజర్ స్ప్రింగు వదులు చేయించండి. లోపలి తలుపుకి 22 న్యూటన్లు దాటకూడదు, సామాను తూచే స్ప్రింగు కాటాని పిడికి తగిలించి లాగితే 2.2 కిలోల దగ్గర తెరుచుకోవాలి.

గాజు తలుపైతే రెండు పట్టీలు అతికించండి, 85 నుంచి 100 సెం.మీ. మధ్య ఒకటి, 140 నుంచి 160 మధ్య ఒకటి. లోపలి నుంచీ బయటి నుంచీ వెలుతురులో తేడాగా కనపడే రంగు కావాలి.

పరీక్ష_బల్ల:
అందరూ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. లోపలికొచ్చిన మనిషి పరీక్ష బల్ల ఎక్కలేకపోతే ఆ రాంపు ఎందుకు?

మామూలు బల్ల 75 నుంచి 80 సెం.మీ. ఎత్తుంటుంది. వీల్‌చెయిర్ సీటు 45 నుంచి 50 దగ్గర. ఎత్తు మార్చే బల్ల ఒక్కటైనా కొనండి, నాలుగు గదుల్లో ఒక్క గదిలో అయినా. కొనేటప్పుడు పై ఎత్తు కాదు, అన్నిటికంటే కింద ఎంతకి దిగుతుందో అడగాలి. 43 సెం.మీ. దాకా దిగితే మంచిది, 48 దాటితే ఒద్దనండి. పరుపు మందం కలిపి చెప్పారో లేదో గుచ్చి అడగండి. కేటలాగుల్లో పరుపు లేకుండా రాసి, అమ్మేటప్పుడు 6 సెం.మీ. పరుపు వేస్తారు.

రెండోది, బల్ల కింద ఖాళీ. రోగిని లేవనెత్తే యంత్రం (హాయిస్టు) కాళ్లు బల్ల కిందికి దూరాలంటే 15 సెం.మీ. ఎత్తు ఖాళీ కావాలి. డబ్బా ఆకారం అడుగున్న బల్లలకి ఆ ఖాళీ ఉండదు, హాయిస్టు కొన్నా వాడలేరు. ఈ రెండూ విడివిడిగా ఆర్డర్ చేసినచోట ఇదే జరుగుతుంది.

మూడోది, బల్ల పక్కన నేల. కుర్చీ నిలవడానికి 76 × 122 సెం.మీ., ఆ జాగాలో చెత్తబుట్ట, స్టూలు, ఈసీజీ బండి ఉండకూడదు. గోడకి ఆనించిన బల్లకి ఒక్క పక్కే దారి. కుడివైపు బలం ఉన్నవాళ్లకీ ఎడమవైపు బలం ఉన్నవాళ్లకీ ఒకటే పక్క పనికిరాదు. రెండు పక్కలా జాగా లేకపోతే తల, కాళ్లు అటూ ఇటూ మార్చి పడుకోబెట్టగలిగే బల్ల చూడండి.

మార్చే పద్ధతి సిబ్బందికి నేర్పించాలి. కుర్చీని బల్లకి సుమారు 30 డిగ్రీల కోణంలో పెట్టి, బ్రేకులు వేసి, పాదాల పలకలు పక్కకి తిప్పి, బల్లవైపు చేతిపట్టు తీసేసి, బల్లని సీటు మట్టానికో అంతకంటే పిసరు కిందికో దించి, జారుడు పలక మీదుగా జరపాలి. తిరిగి వచ్చేటప్పుడు బల్ల పిసరు ఎత్తు. చంకల కింద చేతులేసి లేపడం మానేయండి. భుజం కీలు జారుతుంది, లేపేవాళ్ల నడుమూ పోతుంది. స్పర్శ లేనివాళ్లని పరుపు మీద ఈడిస్తే చర్మం లోపల చిరుగుతుంది, పైకి కనపడదు, తర్వాత పుండవుతుంది. అన్నిటికంటే ముందు ఆ మనిషినే అడగండి, "మీరు మామూలుగా ఎలా మారతారు?" అని. రోజూ చేసుకునే పని, మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

"కుర్చీలోనే చూసేద్దాంలెండి" అన్న మాట చాలా చేటు చేస్తుంది. కూర్చున్న మనిషి పొట్ట సరిగా నొక్కి చూడలేరు, పిరుదుల మీద పుండ్లు అసలే కనపడవు.

బరువు కూడా అంతే. "మీ బరువెంత?" అని అడిగి రాసుకుంటే మందు మోతాదు తప్పుతుంది. కుర్చీతో ఎక్కే ప్లాట్‌ఫాం కాటా కావాలి, సామర్థ్యం 300 కిలోలకి తక్కువ కాకుండా. మోటారు కుర్చీలు ఒక్కటే 100 కిలోలు దాటుతాయి. ముందు మనిషితో తూచి, బల్ల మీదికి మారాక ఖాళీ కుర్చీ తూచి తీసేయాలి. కుర్చీ బరువు ఫైల్లో రాసుకోవచ్చు గానీ వెనక తగిలించిన సంచి, మారిన బ్యాటరీ లెక్క తప్పిస్తాయి. సంచి తీసి తూచండి.

తలుపు_బందు:
పరుపు సంగతి నాకు తెలీదు, బాగా చెప్పారు.

వినికిడి_వైపు:
రిసెప్షన్ దగ్గరికి వద్దాం. కౌంటర్‌లో కొంత భాగం 90 సెం.మీ. మించకుండా, కింద మోకాళ్లకి 70 సెం.మీ. ఎత్తు ఖాళీ ఉండేలా చేయండి. ఆ తక్కువ ఎత్తు భాగం మీద ప్రింటర్ పెట్టేస్తారు, ముందే చెప్తున్నా.

గాజు అడ్డం ఉంటే చెవిటివాళ్లకీ, తక్కువ వినపడేవాళ్లకీ రెండు విధాల దెబ్బ: శబ్దం తగ్గుతుంది, గాజు మీద దీపం ప్రతిబింబం పడి పెదవులు కనపడవు. వెలుతురు మాట్లాడేవాళ్ల ముఖం మీద పడాలి, వాళ్ల వెనక కిటికీ ఉండకూడదు. డాక్టరు కుర్చీకీ ఇదే సూత్రం. కంప్యూటర్ వైపు తిరిగి టైప్ చేస్తూ మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకునే మనిషికి ఆ వాక్యం పోయినట్టే.

ఇండక్షన్ లూప్ (మాటని అయస్కాంత సంకేతంగా పంపే తీగచుట్ట) కౌంటర్‌కి పెట్టండి. హియరింగ్ ఎయిడ్‌లో ఆ సంకేతాన్ని పట్టుకునే టీ-కాయిల్ ఉన్నవాళ్లకి మైకులో మాట నేరుగా చేరుతుంది, చుట్టుపక్కల గోల లేకుండా. కౌంటర్ లూప్ పరిధి సుమారు ఒక మీటరు. ఎక్కడ పాడవుతుందంటే: సాయంత్రం ఊడ్చేటప్పుడు ప్లగ్గు తీసేస్తారు. మైకు మానిటర్ వెనక్కి జరిగిపోతుంది. కౌంటర్ లోపల ఇనుప చట్రం ఉంటే సిగ్నల్ తినేస్తుంది. పక్కనే కరెంటు తీగలుంటే గుయ్‌మని మోత. వారానికోసారి చేతి రిసీవర్‌తో ఇటువైపు నిలబడి విని చూడాలి. బోర్డు తగిలించి లూప్ ఆపేసి ఉంచడం కంటే బోర్డు లేకపోవడమే మేలు, ఎందుకంటే వచ్చినవాళ్లు ఎయిడ్‌ని టీ-కి మార్చుకుని ఏమీ వినపడక అయోమయంలో పడతారు.

కన్సల్టేషన్ గదిలో మాత్రం గది చుట్టూ లూప్ వేయించకండి. లూప్ అయస్కాంత క్షేత్రం గోడలు దాటుతుంది. పక్క గదిలోనో వెయిటింగ్ హాల్లోనో టీ-కాయిల్ పెట్టుకున్న ఇంకో మనిషికి మీ రోగి గుట్టంతా వినిపిస్తుంది. అక్కడ హెడ్‌ఫోన్లతో ఉండే చిన్న చేతి యాంప్లిఫయర్ చాలు. టీ-కాయిల్ లేనివాళ్లకీ పనికొస్తుంది.

ముందు_గది:
గోడలు దాటుతుందన్న సంగతి లూప్ అమ్మేవాళ్లు చెప్పనే లేదు. సంజ్ఞా భాష విషయం? ఇంట్లోవాళ్లు తోడొస్తే సరిపోదా?

వినికిడి_వైపు:
సరిపోదండీ. ఇంట్లోవాళ్లు కుదించి చెప్తారు, ఇబ్బందికర విషయాలు దాటేస్తారు, కొన్నిసార్లు రోగి తరఫున వాళ్లే జవాబిచ్చేస్తారు. పిల్లల చేత అసలే చెప్పించకూడదు. అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని ముందే బుక్ చేసి, అపాయింట్‌మెంట్ సమయం రెట్టింపు ఇవ్వండి. ఇంటర్‌ప్రెటర్ డాక్టరు పక్కన, కాస్త వెనగ్గా కూర్చోవాలి. అప్పుడు రోగి ఒకే చూపులో ఇద్దర్నీ చూడగలరు. డాక్టరు రోగితోనే మాట్లాడాలి, "ఆయన్ని అడగండి" అనకూడదు.

వీడియో ఇంటర్‌ప్రెటర్ అయితే ఫోన్ తెర చాలదు. నడుము నుంచి తల దాకా, చేతులు పూర్తిగా కనపడే ఫ్రేము కావాలి, నెట్ ఆగకూడదు. రోగి వెల్లకిలా పడుకుంటే తెర కనపడదు, కాబట్టి ఏం చేయబోతున్నారో పడుకోబెట్టే ముందే చెప్పేయాలి. ఆపాలనిపిస్తే ఏ సైగ చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి.

టోకెన్_నంబర్:
పిలిచే పద్ధతి గురించి ఒక్కమాట. పేరు గొంతుతోనే పిలిస్తే చెవిటివాళ్లకి తెలీదు. తెర మీదే చూపిస్తే చూపులేనివాళ్లకి తెలీదు. రెండూ ఒకేసారి జరగాలి, ఫోన్‌కి మెసేజ్ కూడా వెళ్తే ఇంకా మంచిది. మెసేజ్ ఉంటే గోల, వెలుతురు భరించలేని ఆటిజం ఉన్నవాళ్లు బయట కూర్చుని వంతు వచ్చాక రావచ్చు. తెర మీద అక్షరాలు పరుగెత్తకూడదు, కిందవైపు ఆరోగ్య ప్రకటనల వీడియో ఆడకూడదు.

కీబోర్డు_మాత్రమే:
ఇక వెబ్‌సైట్. ముందుగా విడ్జెట్ సంగతి తేల్చేద్దాం. పేజీ మూలలో మనిషి బొమ్మ బటన్, నొక్కితే అక్షరాలు పెద్దవి, రంగులు తారుమారు. అవన్నీ వాడేవాళ్ల ఫోన్‌లో, బ్రౌజర్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి, వాళ్లు వాటికి అలవాటు పడి ఉన్నారు. మీ ఫారంలో ఒక పెట్టెకి లేబుల్ లేకపోతే అది పుట్టిన తేదీయో ఫోన్ నంబరో విడ్జెట్‌కెలా తెలుస్తుంది? పైగా కొన్ని విడ్జెట్లు స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కీలతో తగువు పెట్టుకుంటాయి. ఆ డబ్బు ఫారం సరిచేయడానికి పెట్టండి.

ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించండి: "డబ్ల్యూసీఏజీ 2.2, ఏఏ స్థాయి, అపాయింట్‌మెంట్ ప్రక్రియ మొత్తానికి". వెబ్‌సైట్లు వికలాంగులు వాడగలిగేలా ఉండటానికి డబ్ల్యూ3సీ అనే వెబ్ ప్రమాణాల సంస్థ 2023 అక్టోబరులో తెచ్చిన ప్రమాణం ఇది. "ప్రక్రియ మొత్తానికి" అన్నది ముఖ్యం. లేకపోతే మొదటి పేజీ మెరిపించి, బుకింగ్‌ని బయటి కంపెనీ ఫారానికి తోసేసి చేతులు దులుపుకుంటారు.

తర్వాత మౌస్ పీకేసి మీరే పరీక్షించండి. ట్యాబ్ నొక్కుతూ మొదటి పేజీ నుంచి "మీ అపాయింట్‌మెంట్ ఖరారైంది" దాకా వెళ్లాలి. మూడు చూడండి: ఇప్పుడు ఎక్కడున్నామో గీత కనపడుతోందా, ఎక్కడైనా ఇరుక్కుపోయామా, ఏదైనా ట్యాబ్‌కి అందకుండా పోయిందా.

అందకుండా పోయేది దాదాపు ఎప్పుడూ ఖాళీ సమయాల పట్టీయే. 10:00, 10:15, 10:30 అని రంగు డబ్బాలు ఉంటాయి చూడండి, అవి డివ్ ట్యాగులతో (కోడ్‌లో ఉత్త పెట్టెలతో) కట్టి క్లిక్ తగిలిస్తారు. కీబోర్డు వాటిని చూడదు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ట్యాబ్, ఎంటర్, స్పేస్ అన్నీ వాటంతటవే వస్తాయి. బటన్‌కి పేరు "10:30" అని కాకుండా "మంగళవారం ఉదయం 10:30, చర్మ వైద్యం" అని స్క్రీన్ రీడర్‌కి వినపడాలి. ఖాళీ ఆకుపచ్చ, నిండింది ఎరుపు అన్న తేడా రంగుతోనే చూపకండి, "నిండింది" అని రాయండి. తాకే జాగా కనీసం 24 × 24 పిక్సెళ్లు ఉండాలి. చేతులు వణికేవాళ్లని తలుచుకుంటే 44 పెట్టండి.

పుట్టిన తేదీకి క్యాలెండర్ పెట్టడం దుర్మార్గం. డెబ్బై ఏళ్ల మనిషి నెల నెలా వెనక్కి నొక్కుకుంటూ పోవాలా? రోజు, నెల, సంవత్సరం, మూడు మామూలు పెట్టెలు చాలు.

పెట్టె లోపల లేత బూడిద రంగులో "మీ పేరు" అని రాసి లేబుల్ తీసేయడం ఇంకో జబ్బు. టైప్ చేయగానే మాయమవుతుంది, జ్ఞాపకశక్తి తక్కువ ఉన్నవాళ్లకి ఏం అడిగారో గుర్తుండదు. పైగా ఆ బూడిద రంగు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగు తేడా) చాలదు. మామూలు అక్షరాలకి 4.5:1 ఉండాలి. తెలుపు మీద #777777 రంగు 4.48 వస్తుంది, ఫెయిల్. #767676 పాస్. అంత అంచు మీద ఎందుకు, ఇంకా ముదురుది తీసుకోండి.

తప్పు పడినప్పుడు పెట్టె అంచు ఎర్రబడటం చాలదు. "ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి, 9 ఉన్నాయి" అని పెట్టె పక్కనే రాసి, ఆ మాటని ఆ పెట్టెతో కోడ్‌లో aria-describedby ద్వారా ముడిపెట్టి, పంపు నొక్కగానే కర్సర్ మొదటి తప్పు దగ్గరికి వెళ్లాలి. రాసినవన్నీ చెరిగిపోకూడదు!

తెర_చదువరి:
కీబోర్డు గారికి తోడుగా ఓటీపీ, కాప్చా. వంకర అక్షరాల కాప్చా ఉంటే చూపులేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. 2.2లో దీనికి విడిగా నియమం ఉంది (3.3.8): లాగిన్‌కి పజిల్, గుర్తుపెట్టుకోవడం తప్పనిసరి కాకూడదు, పేస్ట్ చేయనివ్వాలి. ఓటీపీకి ఆరు విడి పెట్టెలు పెట్టకండి, ఒక్కటే పెట్టె. ఆరు పెట్టెల్లో ఫోకస్ దానంతటదే గెంతుతుంటే స్క్రీన్ రీడర్ "ఎడిట్, ఖాళీ" అని ఆరుసార్లు అరుస్తుంది, ఏ అంకె ఎందులో పడిందో తెలీదు. గడువు 30 సెకన్లు పెడితే మెసేజ్ విని, కాపీ చేసి, వెనక్కొచ్చేలోపు అయిపోతుంది. గడువు ముగిసేముందు చెప్పి, కనీసం 20 సెకన్లు టైమిచ్చి, ఒక్క కీతో పొడిగించుకోనివ్వాలి.

తెలుగు పేజీలకి ప్రత్యేకంగా మూడు ఉన్నాయి.

ఒకటి, పేజీ కోడ్‌లో భాష "తెలుగు" అని ప్రకటించాలి. ఇంగ్లిష్ అని వదిలేస్తే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి మౌనంగా ఉండిపోతుంది, లేదా అక్షరం అక్షరం పలుకుతుంది. మధ్యలో ఇంగ్లిష్ పేరా ఉంటే దానికి విడిగా ప్రకటించాలి.

రెండు, పాత డీటీపీ ఫాంట్లు. యూనికోడ్ కాని ఫాంట్‌లో కొట్టిన కరపత్రాన్ని పీడీఎఫ్ చేసి పెడితే కంటికి తెలుగులా కనపడుతుంది, లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల చెత్త. స్క్రీన్ రీడర్ ఆ చెత్తే చదువుతుంది. పరీక్ష సులువు: పీడీఎఫ్‌లో ఓ వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే సరే, గజిబిజి వస్తే మళ్లీ యూనికోడ్‌లో టైప్ చేయాల్సిందే. అసలేమీ కాపీ కాకపోతే అది స్కాన్ బొమ్మ.

మూడు, వరస ఎత్తు. తెలుగుకి వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. బటన్ ఎత్తు పిక్సెళ్లలో బిగించేస్తే అక్షరాలు పెంచుకున్నవాళ్లకి "డాక్టర్"లో ట వత్తు తెగిపోతుంది. వరస ఎత్తు 1.5 కంటే తగ్గకుండా, బటన్ ఎత్తు స్వేచ్ఛగా పెరిగేలా పెట్టండి.

డాక్టర్ల టైమింగులు, సెలవు ప్రకటన బొమ్మగా పెట్టడం మానేస్తే సగం గొడవ వదులుతుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, దించుకుని హెచ్ కీ నొక్కుతూ పేజీ శీర్షికల మీద గెంతి చూడండి. "టైమింగులు", "డాక్టర్లు", "దారి" అని వినపడాలి. ఏమీ వినపడకపోతే మీ శీర్షికలు లావు అక్షరాలే గానీ శీర్షికలు కావు.

టోకెన్_నంబర్:
ఆటోమేటిక్ టెస్టింగ్ టూల్ 100కి 100 ఇచ్చింది అని చూపిస్తుంటారు కదా, దాన్ని నమ్మొచ్చా?

కీబోర్డు_మాత్రమే:
లేబుల్ ఉందా లేదా అన్నది టూల్ చెప్తుంది, లేబుల్‌లో ఉన్నది అర్థవంతమా కాదా చెప్పదు. పై ఖాళీ సమయాల డివ్‌లని చాలా టూల్స్ అసలు పట్టుకోవు, ఎందుకంటే వాటి దృష్టిలో అవి మామూలు రాత. టూల్ ముందు నడపండి, తర్వాత మౌస్ లేకుండా, ఆ తర్వాత స్క్రీన్ రీడర్‌తో. చివరగా 400 శాతం జూమ్. 1280 పిక్సెళ్ల తెర మీద అది 320 అవుతుంది, అడ్డంగా జరపకుండా అంతా చదవగలగాలి. అప్పుడు చూడండి తమాషా: పైన అతుక్కున్న మెనూ, కింద కుకీల పట్టీ, మూలన చాట్ బుడగ కలిసి తెర సగం మింగేస్తాయి.

తలుపు_బందు:
టాయిలెట్ ఎవరూ ఎత్తలేదు. లోపల 1.5 మీటర్ల తిరిగే జాగా, తలుపు బయటికి. లోపలికి తెరిస్తే, పడిపోయిన మనిషే తలుపుకి అడ్డం. కమోడ్ సీటు 43 నుంచి 48 సెం.మీ., పక్క గోడ నుంచి కమోడ్ మధ్యగీతకి 41 నుంచి 46, పట్టుకమ్మీ 84 నుంచి 91 ఎత్తులో. కమ్మీ వెనక గోడ బలం ముందు చూడండి, ప్లాస్టర్ బోర్డుకి బిగిస్తే మనిషితో పాటు ఊడొస్తుంది. సాయం కోసం లాగే ఎర్ర తాడు నేలకి 10 సెం.మీ. దాకా వేలాడాలి. తుడిచేటప్పుడు అడ్డమని దాన్ని పైకి చుట్టి ముడేస్తారు. నేల మీద పడిన మనిషికి అది అందదు. రోజూ చూసుకునే జాబితాలో ఆ తాడు రాయండి.

గోడలకి తగిలించేవాటి గురించి కూడా: శానిటైజర్ డబ్బా, మంటలార్పే సిలిండరు, టీవీ 70 సెం.మీ. పైన ఉండి గోడ నుంచి 10 సెం.మీ. కంటే ముందుకు పొడుచుకొస్తే తెల్లకర్రకి తగలవు, ముఖానికి తగులుతాయి.

ముందు_గది:
అన్నీ రాసుకున్నాను. మరి ఎవరికి ఏం కావాలో మాకు ముందే ఎలా తెలుస్తుంది? వచ్చాక తెలిస్తే ఎత్తు మార్చే బల్ల ఉన్న గదిలో వేరేవాళ్లుంటారు.

పరీక్ష_బల్ల:
నా ఉద్దేశంలో ఈ చర్చలో అసలు ప్రశ్న ఇదే, రాంపు కంటే ముందు అడగాల్సింది. ఇంగ్లండ్‌లో 2016లో అమల్లోకి వచ్చిన యాక్సెసిబుల్ ఇన్ఫర్మేషన్ స్టాండర్డ్‌లో మొదట ఐదు మెట్లుండేవి: అడగడం, రాసుకోవడం, ఫైలు తెరవగానే కనపడేలా గుర్తు పెట్టడం, వేరే డాక్టరుకి పంపేటప్పుడు ఆ వివరం కూడా పంపడం, చివరికి ఆ అవసరం తీర్చడం. అది సమాచారం, సంభాషణ అవసరాల కోసం రాసింది. మీరు దాన్నే బల్లకీ బరువు కాటాకీ కూడా వాడుకోండి.

జబ్బు పేరు కాదు, అవసరం రాయాలి. "పోలియో" అని రాస్తే రిసెప్షన్‌కి ఏం చేయాలో తెలీదు. "ఎత్తు మార్చే బల్ల గది, మారడానికి ఒక మనిషి సాయం, 30 నిమిషాలు" అని రాస్తే తెలుస్తుంది. బుకింగ్ ఫారంలో టిక్ పెట్టెలు చాలు: ఎత్తు మార్చే బల్ల, హాయిస్టు, కుర్చీతో తూచడం, సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్, పెద్ద అక్షరాల కాగితాలు, ఈమెయిల్‌లో చదవదగ్గ ప్రతి, నిశ్శబ్దంగా వేచి ఉండే చోటు, మెసేజ్ ద్వారానే సంప్రదించాలి, ఎక్కువ సమయం. చివర ఖాళీ పెట్టె ఒకటి. టిక్ పడగానే సాఫ్ట్‌వేర్ ఆ గదినీ ఆ సమయాన్నీ బిగించాలి. ఎవరో ఒకరు చూసి సర్దుతారులే అంటే సర్దరు.

వినికిడి_వైపు:
"మెసేజ్ ద్వారానే" అన్న టిక్ ఉన్నాక కూడా రిసెప్షన్ ఫోన్ చేసి, ఎత్తలేదని అపాయింట్‌మెంట్ రద్దు చేస్తుంటుంది. ఆ ఫైల్లో ఫోన్ నంబరు పక్కనే గుర్తు కనపడేలా పెట్టించండి, వేరే ట్యాబ్‌లో కాదు. అలాగే సైట్‌లో రద్దు, మార్పు, అత్యవసర ప్రశ్న, మూడిటికీ ఫోన్ కాని దారి ఒకటి ఉండాలి.

తెర_చదువరి:
సమ్మతి పత్రాలు కూడా అంతేనండీ. కౌంటర్ దగ్గర అందరి ముందూ గట్టిగా చదివి సంతకం పెట్టించకండి, గదిలో చదవండి. ముందురోజే చదవదగ్గ ఫైలుగా పంపితే ఇంకా మేలు. సంతకం చోట చిన్న కిటికీ కోసిన అట్టముక్క పెడితే ఎక్కడ పెట్టాలో వేలికి తెలుస్తుంది.

ముందు_గది:
సైట్‌లో "మా క్లినిక్ వికలాంగులకు అనుకూలం" అని రాద్దామనుకున్నాం. అంతకంటే ఏం రాయాలి?

కొలతల_టేపు:
ఆ వాక్యం వల్ల ఎవరికీ ఏమీ తెలీదు. కొలతలు రాయండి, ఎవరి కుర్చీ పడుతుందో వాళ్లే తేల్చుకుంటారు. ఇలా:

"బయటి నుంచి గుమ్మానికి రెండు వరసల రాంపు, వాలు 1:12, వెడల్పు 1.2 మీటర్లు, మధ్యలో ఒక మలుపు. పక్కనే మూడు మెట్లు, రెయిలింగు ఉంది. బయటి తలుపు దారి 90 సెం.మీ., పక్కకి జరుగుతుంది. గదుల తలుపులు 82 సెం.మీ. 2వ గదిలో ఎత్తు మార్చే బల్ల, కింద 43 సెం.మీ. దాకా దిగుతుంది, హాయిస్టు దూరుతుంది. కుర్చీతో తూచే కాటా ఉంది, 300 కిలోలు. కౌంటర్ వద్ద లూప్. టాయిలెట్‌లో కమోడ్ ఎడమ పక్క మారడానికి జాగా."

లేనిది లేదనే రాయండి. హాయిస్టు లేకపోతే "హాయిస్టు లేదు, ముందే చెప్తే ఏర్పాటు చేస్తాం" అనండి, నిజంగా చేయగలిగితేనే. మ్యాప్ ఒక్కటే పెట్టకండి, వాహనం ఎక్కడ ఆగుతుందో, అక్కడి నుంచి గుమ్మానికి ఎన్ని మీటర్లో, ఎటు తిరగాలో మాటల్లో రాయండి.

కీబోర్డు_మాత్రమే:
ఆ పేజీ లింకు అడుగున చిన్న అక్షరాల్లో దాచకండి. బుకింగ్ ఫారం పైనా, ఖరారు మెసేజ్‌లోనూ పెట్టండి. బల్ల మోటారు పాడైనా, లూప్ పనిచేయకపోయినా అదే రోజు ఆ పేజీ పైన తేదీతో రాసి, ఆ టిక్ పెట్టినవాళ్లకి వాళ్లు కోరుకున్న పద్ధతిలోనే కబురు పంపాలి. ఆ పేజీ దిద్దే బాధ్యత సైట్ కంపెనీకి కాదు, రిసెప్షన్‌లో ఒకరికి లాగిన్ ఇచ్చి అప్పజెప్పండి. టికెట్ వేసి మూడు రోజులు ఆగే పని కాదిది.